పేరు నోటికి రాని కష్టం

(వార్షిక సభలో చేసిన ప్రసంగం)

నేను ఉర్దూ మీడియం పంతులును. నా తెలుగులో ఉర్దూ కలిస్తే ఏమీ అనుకోవద్దు. ఈ రోజు చెప్పే సంగతికి ఆ కలగలుపు పనికొస్తుంది కూడా.

మిర్యాలగూడలో రైసుమిల్లు లెక్కలు రాసే మా బంధువు ఒకాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి కొంత తేరుకుంది గాని మాట తేరుకోలేదు. తాళంచెవి ఇస్తే తలుపు తీస్తాడు. దాని పేరేమిటంటే "అదే... తలుపుది... అదే" అంటాడు. చాబీ అనీ రాదు, తాళంచెవి అనీ రాదు. మనం "చా" అని అందిస్తే "చాబీ!" అని సంబరపడతాడు. మర్నాడు మళ్లీ మొదటికే. వింత ఏమంటే, అల్‌హమ్దు సూరా మొదలుపెడితే ఆఖరుదాకా చదువుతాడు. ఒకటి నుంచి ఇరవై లెక్కపెడతాడు. "సూరా చదివేటోడు నీళ్లు అడగలేడా, అంతా నాటకం" అన్నారు ఇంట్లోవాళ్లు. పిచ్చి అన్నవాళ్లూ ఉన్నారు. తావీజు కట్టించిండ్రు.

అది నాటకమూ కాదు, పిచ్చీ కాదు. డాక్టర్లు దీనిని అఫేజియా అంటారు. ఏళ్ల తరబడి కంఠస్థమైన వరస దానంతటదే నోట్లోంచి వస్తుంది. వస్తువు పేరును మాత్రం ప్రతిసారీ వెతికి తీయాలి. వస్తువు తెలుసు, దాని వాడకం తెలుసు, పేరు దగ్గరకు పోయే దారి తెగింది. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, "టాన్" అనే శబ్దం తప్ప దాదాపు ఏమీ పలకలేని రోగి చనిపోయాక అతని మెదడు చూసి, ఎడమవైపు ముందు భాగం చెడిపోయిందని చూపించాడు. శరీరం కుడిభాగాన్ని నడిపేదీ ఆ ఎడమ మెదడే. కుడి చెయ్యి, మాట తరచు కలిసి పడిపోవడం అందుకే. తలకు దెబ్బ తగిలినా, మెదడులో గడ్డ వచ్చినా ఇలా కావచ్చు.

మన హైదరాబాదు నిమ్స్‌లో ఈ విషయం మీద మంచి పని జరిగింది. డాక్టర్ సువర్ణ అల్లాడి, తోటివారు 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించారు. రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా వచ్చింది, చదువు రానివారిలోనూ ఆలస్యం కనిపించింది. 2016లో 608 మంది పక్షవాతం రోగుల లెక్క వచ్చింది. తెలివితేటలు చెడకుండా నిలిచినవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒక్క భాషవారిలో 19.6 శాతం. ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే మన ఇళ్లకు ఇది సంతోషమే. అందరు శాస్త్రజ్ఞులూ దీనిని ఒప్పుకోలేదు, అదీ చెప్పాలి. పైగా మాట పడిపోవడం మాత్రం రెండు వర్గాల్లోనూ ఇంచుమించు సమానమే. కాబట్టి మనకు రాదులే అనుకోవద్దు.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ముందు గడియారం చూడండి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. అదీ సి.టి. స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. కోదాడ నుంచి హైదరాబాదు పోయేసరికే అందులో సగానికి పైగా అయిపోతుంది. ఇక ఆమిల్ సాహెబ్ దగ్గర కూర్చునే వ్యవధి ఎక్కడిది? స్కాన్, ఇంజెక్షన్ దగ్గరలో ఎక్కడున్నాయో ఈ రోజే కనుక్కొని పెట్టుకోండి. రంజాన్‌లో బి.పి. మాత్రలు డాక్టరును అడగకుండా మానేయకండి.

మాట నేర్పించే చికిత్స ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ పని చేస్తుంది. పోయినప్పుడు ఇంటి భాష ఏదో, బజారు భాష ఏదో తప్పక చెప్పండి. ఒక్కోసారి ఒక భాష ముందు తిరిగివస్తుంది, రెండోది వెనకబడుతుంది. తెలుగులోనే అడిగితే "కంఘీ" తెలిసిన మనిషి దువ్వెన తెలియనివాడిగా లెక్కకు వస్తాడు.

ఇంకొకటి, కటువుగానే చెబుతాను. మాట లేదు గనక తెలివి లేదని, భూమి కాగితాల మీద వేలిముద్ర వేయించుకునే అన్నదమ్ములున్నారు. ఆయనకు నిదానంగా చదివి వినిపించండి, అవునా కాదా అని తల ఊపమనండి. కాదంటే అది కాదే.

మా బడి పిల్లలు గిలాసు, చమ్చా, దవా, చాదర్ వంటి బొమ్మలు గీసి, కింద ఉర్దూ, తెలుగు పేర్లు రాసి పుస్తకాలు కుడుతున్నారు. రోగి వేలు పెట్టి చూపిస్తే చాలు. కావలసినవారు భోజనాల తర్వాత నాకు చెప్పండి, ఇంట్లో వాడే మాటలేవో కూడా రాయించండి.

ఖుదా హాఫిజ్.