దగ్గు ఊపిరితిత్తుల్లో – మంట కడుపులో

(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం ఎప్పుడూ గిట్టుబాటు ధర, నకిలీ విత్తనాలు, కౌలు కార్డుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి దగ్గు గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. దగ్గు కూడా రైతు సమస్యేనా అన్నారు. అవునో కాదో మా మాట విన్నాక మీరే చెప్పండి.

పల్నాడులో సాగర్ కుడి కాలువ చివరి ఊరు మాది. ఆ ఊళ్లో ఏళ్ల తరబడి దగ్గుతో, ఆయాసంతో బతుకుతున్న ఆరుగురం మేము. ముగ్గురికి కాస్తో కూస్తో సొంత భూమి ఉంది. ఇద్దరం కౌలుకు చేస్తాం. ఒక అక్క మిరప తొడిమలు తీసే పనికి పోతుంది. ఆరుగురి మాటా కలిపి చెబుతున్నాం. మధ్యలో దగ్గు అడ్డం వస్తే కాస్త ఓపిక పట్టండి.

మా దగ్గుకు కారణం మిరప ఘాటే అనుకున్నాం. సంక్రాంతి దాటితే కోతలు, ఆ తర్వాత కల్లాలు, టిక్కీలు తొక్కడం. ఆ దుమ్ములో దగ్గని వాడెవడు? కానీ తోట పీకేసి, కల్లం ఊడ్చేసి, వానలు పడ్డాక కూడా మా దగ్గు పోలేదు. పగలు ఒక మోస్తరుగా ఉండేది. రాత్రి పడుకున్న గంటకో రెండు గంటలకో గొంతు పట్టేసినట్టయి లేచి కూర్చునేవాళ్లం. పిల్లికూతలు, ఆయాసం. పొద్దున్నే నోరంతా పులుపు, గొంతు బొంగురు.

ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తే వారం రోజులు హాయి, తర్వాత మళ్లీ మొదలు. కళ్లె పరీక్ష చేయిస్తే టీబీ లేదన్నారు. దగ్గు మందు సీసాలకు పెట్టిన డబ్బుతో ఒక తైవాన్ స్ప్రేయరు వచ్చేది.

చివరికి పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ గొట్టంలోకి ఊదించే పరీక్ష చేసింది. దాన్ని స్పైరోమెట్రీ అంటారు. అవసరమైన వాళ్లకు స్కానింగ్ కూడా చేయించింది. ముగ్గురికి సీవోపీడీ, ఇద్దరికి ఉబ్బసం, ఒకరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు అని తేలింది. ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్న మేము ఊహించనిది. “రాత్రి ఎన్నింటికి తింటారు? తిన్న ఎంతసేపటికి పడుకుంటారు?”

దగ్గుకూ తిండికీ సంబంధమేమిటని అడిగాం. ఆమె చెప్పింది మన మాటల్లో చెబుతాం. కాలువకు తూము ఉన్నట్టే, అన్నం దిగే గొట్టానికీ కడుపుకూ మధ్య ఒక బిగింపు ఉంటుంది. అది వదులైతే కడుపులోని పులుపు పైకి ఎగదన్నుతుంది. నిలబడి ఉంటే మళ్లీ కిందికి జారుతుంది. పడుకుంటే గొంతు దాకా వచ్చి, ఒక్కోసారి చుక్కలు చుక్కలుగా ఊపిరి గొట్టంలోకి దిగుతుంది. అది ఊపిరి గొట్టాలను ఒరిపిడి పెడుతుంది. పులుపు గొంతు దాకా రాకపోయినా, అన్నం గొట్టంలో మంట పుడితే నరాల ద్వారా దగ్గు పుట్టవచ్చు. కొందరికి ఛాతీలో మంట కూడా తెలియదు, దగ్గు ఒక్కటే కనిపిస్తుంది.

అది అక్కడితో ఆగదు. గట్టిగా దగ్గితే కడుపు మీద ఒత్తిడి పడి పులుపు ఇంకా ఎగదన్నుతుంది. పులుపు దగ్గును పెంచుతుంది, దగ్గు పులుపును పెంచుతుంది. ఆయాసానికి వాడే కొన్ని బిళ్ళలు కూడా ఆ బిగింపును వదులు చేస్తాయట. అందుకే వాడే మందులన్నీ డాక్టరుకు చూపించాలి.

అప్పుడు మా రోజు ఎట్లా గడుస్తుందో మేమే లెక్క వేసుకున్నాం. తెల్లవారుజామున పరగడుపున టీ. ఎనిమిదింటికి గట్టు మీద చద్దన్నం తిని, చెయ్యి కడుక్కొని వెంటనే వంగి కలుపు తీత. మధ్యాహ్నమూ అంతే. నడుం మీద స్ప్రేయరు బెల్టు బిగింపు. సాయంత్రం ఒళ్లు నొప్పుల బిళ్ళ, అదీ కడుపును పాడుచేసేదే. కొందరికి చుట్ట, కొందరికి మందు. రాత్రి వంతు నీళ్లకో కరెంటుకో పోయి, పదింటికి ఇంటికొచ్చి, ఆకలి మీద కడుపు పగిలేలా తిని మంచం మీద వాలడం. కడుపులో పులుపు పైకి రమ్మని మేమే పిలిచినట్టుంది.

డాక్టరమ్మ చెప్పినవి పెద్ద ఖర్చు లేనివే. తిన్నాక రెండు మూడు గంటల దాకా పడుకోవద్దు. రాత్రి తిండి తక్కువ తినాలి. మంచానికి తల వైపు కాళ్ల కింద అర అడుగు ఎత్తు పెట్టాలి. దిండ్లు పేర్చితే నడుం దగ్గర మడత పడి కడుపు నొక్కుకుంటుంది, అది పనికిరాదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే మేలు. గ్యాస్ బిళ్ళ అన్నం తిన్నాక కాదు, టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. పొగాకు పూర్తిగా మానాలి. మిరప పండించేవాళ్లం కారం మానాలా అని అడిగితే ఆమె నవ్వింది. ఎవరికి ఏది పడదో చూసుకొని అది తగ్గించుకోమంది.

మంచం కింద ఇటుకలు చూసి ఊరంతా నవ్వింది. కిందికి జారిపోతున్నానని ఇంట్లో వాళ్లు పోట్లాడారు. కానీ రెండు మూడు నెలలకు మాలో నలుగురం రాత్రిళ్లు నిద్రపోతున్నాం. ఐదో వ్యక్తికి పెద్దగా తేడా లేదు. గట్టిపడిన ఊపిరితిత్తి మాత్రం మళ్లీ మెత్తబడదు. ఆ మనిషి పాలేరు పనులు మానేశాడు, నాలుగు అడుగులకోసారి ఆగుతాడు. నిజం చెప్పకుండా మిమ్మల్ని ఊరించి పంపడం మా ఉద్దేశం కాదు.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. పీల్చే మందు అలవాటైపోతుందని భయపడి, గ్యాస్ బిళ్ళ చాలనుకొని మాలో ఒకాయన దాన్ని మానేశాడు. కల్లాల రోజుల్లో ఆయాసం ముదిరి నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. పాడిగేదెను అమ్మి బిల్లు కట్టారు. కడుపు మందు కడుపుకే, ఊపిరి మందు ఊపిరికే. ఒకటి చూసుకొని ఇంకోటి మానకండి.

ఇక సంఘం ముందు పెట్టే మాట. ఎనిమిదింటికల్లా తిని పదకొండింటికి పడుకోమని డాక్టరమ్మ చీటీ మీద రాసింది. అర్ధరాత్రి మోటారు వెయ్యాల్సిన రైతు ఆ చీటీ ఎట్లా పాటిస్తాడు? వంతు తప్పితే తోట ఎండుతుంది, వంతుకు పోతే ఛాతీ మండుతుంది. అందుకే ఇది మా ఆరుగురి అలవాట్లతో తీరేది కాదు.

వ్యవసాయ కరెంటు పగటిపూటే, ఒకే విడతగా ఇవ్వాలని అడుగుదాం. కాలువ చివరి భూములకు రాత్రి వంతులే ఎందుకు పడుతున్నాయో నిలదీద్దాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పీల్చే మందులు, గ్యాస్ బిళ్ళలు ఏడాది పొడవునా ఉండాలి. ఊదించే పరీక్ష దగ్గరి ఏరియా ఆసుపత్రిలో దొరకాలి. ఆసుపత్రిలో చేరితేనే కార్డు పనిచేస్తే, నెలనెలా కొనే మందుకు దిక్కెవరు? తొడిమలు తీసే చోట గాలి ఆడాలి, మంచి మాస్కులు ఇవ్వాలి. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు సన్న దుమ్మును ఆపదు.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మనల్ని మనం కూడా అడుక్కోవాలి. కూలీలు ముద్ద మింగీ మింగకముందే “ఇక లేవండమ్మా” అని తరిమింది మనమే కదా. అన్నం తిన్నాక అరగంట కూర్చోనిద్దాం. ఆ అరగంట తర్వాత కూడా ముందు నిలబడి చేసే పని చెబుదాం, వంగే పని తర్వాత. మేము ఈ ఏడు అట్లాగే చేశాం. కోత ఏమీ వెనకబడలేదు.

రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ముందు కళ్లె పరీక్ష చేయించుకోండి, సర్కారు ఆసుపత్రిలో ఉచితం. అన్నం మింగేటప్పుడు అడ్డం పడుతున్నా, కళ్లెలోగానీ వాంతిలోగానీ రక్తం కనిపించినా, విరేచనం తారులా నల్లగా అవుతున్నా, ఒళ్లు తగ్గిపోతున్నా ఆలస్యం చెయ్యొద్దు. ఛాతీ మంట అంతా గ్యాసే అనుకోవద్దు. చెమటలు పట్టి, నొప్పి భుజానికో దవడకో పాకితే గుండె కావచ్చు, వెంటనే 108 పిలవండి.

మా ఆరుగురికీ పోయిన ఊపిరి తిరిగి రాదు. మీకున్నది పోకుండా చూసుకోవాలనే ఈ నాలుగు మాటలు. సెలవు.