ఒక కాగితము, ఒక తోడు

కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో ఈ మాటలు వింటున్న వారిలో ఎవరికో ఒకరికి ఈ వారమే మానసిక వైద్యుని దగ్గర మొదటి అపాయింట్‌మెంటు ఉండవచ్చు. “ఏమడుగుతారో, సంఘంలో తెలిస్తే నాకు విశ్వాసం లేదంటారేమో” అని మీ గుండె దడదడలాడుతూ ఉండవచ్చు. ఈ పూట నేను మీతోనే మాట్లాడుతున్నాను.

1 రాజులు 19వ అధ్యాయములో ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుని చావును కోరుకున్నాడు. అంతటి ప్రవక్త! దేవుడు అతనిని గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తర్వాత హోరేబు దగ్గర, ఇక్కడెందుకున్నావని రెండుసార్లు అడిగాడు. అన్నీ తెలిసిన దేవుడే అడిగి చెప్పించుకున్నాడు. మరి డాక్టరుకు ఏమీ తెలియదు గదా! మనము చెబితేనే తెలుస్తుంది.

మొదటి రోజు జరిగేది ముఖ్యంగా అడగడం, వినడం. అది బడి పరీక్ష కాదు. జబ్బు పేరు ఆ రోజే తేలకపోవచ్చు, నిరాశపడకండి.

వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. నిద్ర, ఆకలి ఎప్పటినుండి తగ్గాయి? ఏ పనులు చేయలేకపోతున్నారు? అంతకుముందు ఏమి జరిగింది? టమోటా ధర పడిపోయి అప్పు మీదపడిందా, భర్త కువైట్‌లో ఉండి ఇంటి భారమంతా మీదే అయ్యిందా, అయినవారు చనిపోయారా? అన్నీ వ్రాయండి. షుగరు, థైరాయిడ్ వంటి జబ్బులు, మింగే మాత్రలు, నాటుమందులు, మద్యం అలవాటు, కుటుంబంలో ఇలాంటి బాధ పడినవారు ఉంటే అదీ వ్రాయండి. పాత చీటీలు వెంట పెట్టుకోండి. వాడుతున్న మందులు మీ అంతట మీరే ఆపకండి.

ఒక తోడును తీసుకెళ్లండి. 1957లో వేలూరు సి.ఎం.సి. వారు బాగాయంలో మానసిక చికిత్సా కేంద్రం ప్రారంభించినప్పటినుండి రోగితోపాటు ఇంటివారిని కూడా చికిత్సలో కలుపుకున్నారు. అయితే ఇంటివారి ఎదుట చెప్పలేనిది ఉంటే, “కాసేపు ఒంటరిగా మాట్లాడాలి” అని అడగండి. అందులో తప్పు లేదు. మీ సంగతులు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. ప్రాణాపాయము వంటి కొన్ని సందర్భాలలో మాత్రమే దానికి మినహాయింపు.

చనిపోవాలనే తలంపు వస్తుంటే దానిని తప్పక చెప్పండి. ఆ తలంపు తీవ్రమైతే అపాయింట్‌మెంటు కోసం ఆగవద్దు. వెంటనే దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. ఇంటివారలారా, వారిని ఒంటరిగా విడువకండి. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవ అది.

సంఘ పెద్దలారా, మీకు ఒక మాట. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో పలు మిషన్లు కలిసి క్షయరోగులకు శానిటోరియం తెరిచాయి. అక్కడికి వెళ్లినవారిని అవిశ్వాసులని మనమంటామా? మరి మనసు నలిగి వైద్యుని దగ్గరకు వెళ్లేవారిని ఎందుకంటాము? వారికొరకు ప్రార్థించండి. బస్సు చార్జీ లేకపోతే ఇవ్వండి. కావాలంటే తోడు వెళ్లండి.

సహోదరీ, సహోదరుడా, కాగితము సిద్ధమైనదా? ఏలీయాకు రొట్టె పంపిన దేవుడు మీ ప్రయాణములోను తోడుగా ఉండునుగాక. ఆమేన్.