కెమెరా కొనే ముందు



ఈవేళ మనం మాట్లాడుకోబోయే వస్తువు వంటింటిది కాదు. అయినా కందిపప్పు ఏరినంత జాగ్రత్తగా ఏరుకోవలసిన వస్తువు. డీఎస్ఎల్ఆర్ కెమెరా! “పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసేవాళ్ళ వ్యవహారం మనకెందుకమ్మా?” అంటారేమో. అమ్మాయి కాలేజీలో ఫొటోగ్రఫీ నేర్చుకుంటానంటుంది. అబ్బాయి మొదటి జీతంతో కెమెరా కొంటానంటాడు. ఒక్కోసారి మనకే ఆ సరదా పుడుతుంది. ఎవరి కోసమైనా అది చిన్న ఖర్చు కాదు. బీరువాలోంచి డబ్బు తీసే ముందు నాలుగు సంగతులు తెలిసి ఉండడం మంచిది గదా!

మా వీధిలో ఒకావిడ ఇంట్లోంచే చీరలు అమ్ముతారు. ఫోనుతో ఫొటో తీసి పంపుతారు, నచ్చినవాళ్ళు తెప్పించుకుంటారు. రాత్రి లైటు వెలుగులో తీస్తే వంకాయరంగు చీర కాస్తా నీలంగా పడేది. “ఫొటోలో ఒకటి, పంపింది ఒకటి” అని చీరలు తిరిగొచ్చేవి. పోనూ రానూ కొరియరు ఖర్చు ఆవిడదే. చివరికి చీటీ పాడి ముప్ఫై వేలు చేతపట్టుకుని, ఏ కెమెరా కొనమంటారని నన్నడిగారు. వాళ్ళాయన “ఫోను చాలదూ?” అన్నారు. కొడుకేమో “కొంటే అన్నిటికన్నా కొత్తదే కొనమ్మా, వాయిదాల మీద ఇస్తారు” అన్నాడు. మా అన్నయ్యగారబ్బాయి ఫొటో స్టూడియో నడుపుతాడు. అతన్ని కూచోబెట్టి అడిగి తెలుసుకున్నవి మీకూ చెపుతాను.

ముందు ఆయనగారి ప్రశ్నే చూద్దాం. ఫోను చాలదా? పగటి వెలుగులో పిల్లల ఫొటోలకీ, పండగ ఫొటోలకీ నిక్షేపంలా చాలుతుంది. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అయితే ఫోనులో వెలుగును పట్టే సెన్సరు బాగా చిన్నది. డీఎస్ఎల్ఆర్ తొలి మెట్టు రకాల్లో అది చిన్న తపాలా బిళ్ళంత, నైకాన్‌లో అయితే సుమారు 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 వెడల్పు ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగు లోపల ఒక అద్దం మీద పడి, పైకి తిరిగి, మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం లేచి, వెలుగు సెన్సరు మీద పడుతుంది. ఆ ‘టక్’ మనే చప్పుడు అదే. లెన్సు ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఫొటో ఎలా రావాలో ఫోనుకి బదులు మనమే నిర్ణయించవచ్చు. ఆ నిర్ణయించడం నేర్చుకోవాలనే కోరిక ఉంటేనే ఇది కొనాలి. లేకపోతే వద్దు.

ఇక కొడుకుగారి మాట. కొత్తదే ఎందుకు? ఇక్కడొక సంగతి ఉంది. 2018లో నైకాన్, కేనన్ రెండూ పెద్ద సెన్సరుతో అద్దం లేని కెమెరాల వరసలు మొదలుపెట్టాయి. వాటినే మిర్రర్‌లెస్ అంటారు. 2020 తరవాత డీఎస్ఎల్ఆర్‌లో కొత్త మోడళ్ళు రావడం దాదాపు ఆగిపోయింది. దాంతో చాలామంది పాతవి అమ్మేసి అటు మారుతున్నారు. మనబోటివాళ్ళకి మంచి కెమెరా సెకండ్ హ్యాండులో తక్కువకి దొరుకుతోంది. రానురాను విడిభాగాలు దొరకడం కష్టం కావచ్చు, అది నిజమే. కాని నేర్చుకునే నాలుగైదేళ్ళకి అదేమంత అడ్డు కాదు.

దుకాణంవాడు ముందుగా మెగాపిక్సెళ్ళ లెక్క చెపుతాడు. దానికి పడిపోకండి. మనం ఆల్బంలో పెట్టుకునే ఆరంగుళాల, నాలుగంగుళాల ఫొటోకి రెండు మెగాపిక్సెళ్ళు దాటితే చాలు. గోడకి తగిలించే పన్నెండు, ఎనిమిది అంగుళాల ఫొటోకి తొమ్మిది లోపే. 2014లో వచ్చిన నైకాన్ డి3300కే ఇరవై నాలుగున్నాయి. 2016 నాటి కేనన్ 1300డికి పద్ధెనిమిదున్నాయి. ఇంకా ఎక్కువ కోసం డబ్బు పొయ్యడం, ఇద్దరున్న ఇంట్లో పాతిక మందికి సరిపడే గుండిగ కొనడం లాంటిది.

ఆ డబ్బు లెన్సు మీద పెట్టండి. కెమెరాతో పాటు మామూలుగా 18-55 అని ఒక లెన్సు ఇస్తారు. చెడ్డదేం కాదు, పగలు బాగా పనికొస్తుంది. కాని సాయంత్రం హాల్లో దీపాల వెలుగులో తీస్తే మసకేసినట్టు వస్తుంది. ఎఫ్ 1.8 అని రాసి ఉన్న చిన్న లెన్సు ఒకటుంటుంది. ఆ 18-55ని పూర్తిగా ముందుకు జరిపినప్పుడు దాంట్లోకి వచ్చే వెలుగుకన్నా ఇందులోకి తొమ్మిది పది రెట్లు ఎక్కువ వస్తుంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే కిటికీ అంత పెద్దదన్నమాట. వెనక గోడ మీది క్యాలెండరూ, దండెం మీది బట్టలూ మెత్తగా కలిసిపోయి, ముఖం మాత్రం తేటగా కనిపిస్తుంది.

ఈ చిన్న లెన్సుల్లో 50 మిల్లీమీటర్లది అందరూ చెప్పేది. కాని మన అపార్టుమెంటు గదుల్లో దాంతో ఇద్దరు మనుషుల్ని నిండుగా పట్టాలంటే మనం గోడకి అతుక్కుపోవాలి! ఇంట్లోకి నైకాన్‌కి 35, కేనన్‌కి 24 సుఖం. కేనన్ 24 మాత్రం ఎఫ్ 2.8ది. వెలుగు కొంచెం తక్కువ పట్టినా 18-55 కన్నా మేలే. నైకాన్‌లో ఇంకో మెలిక. డి3000, డి5000 వరసల కెమెరాల్లో ఫోకసు మోటారు ఉండదు. అంచేత లెన్సు మీద ఏఎఫ్-ఎస్ అని రాసి ఉందో లేదో చూసుకోవాలి. అచ్చంగా ఏఎఫ్-డి అని ఉంటే చవగ్గా వస్తుంది గాని, ఫోకసు చేత్తో తిప్పుకోవలసిందే.

ధరలు ఊరికో తీరు, వారానికో తీరు. అందుకని ఎంతకి కొనాలో చెప్పను గాని, ఉన్న డబ్బుని ఎలా పంచాలో చెపుతాను. సగం, కెమెరాకీ దాంతో వచ్చే లెన్సుకీ. పావు వంతు, ఎఫ్ 1.8 లెన్సుకి. మిగిలిన పావులో కార్డు, రెండో బ్యాటరీ, చిన్న స్టాండు. మా వీధి ఆవిడ కొన్నది ఇలాగే: వాడిన డి3300, 35 లెన్సు, స్టాండు. చీర తీసే ముందు అదే వెలుగులో తెల్లకాయితం ఒకటి పెట్టి, “ఇదీ తెలుపు” అని కెమెరాకి చూపిస్తారు. దాన్ని వైట్ బ్యాలెన్స్ అంటారు. ఇప్పుడు వంకాయరంగు వంకాయరంగులాగే పడుతోంది. తిరిగొచ్చే చీరలు బాగా తగ్గాయి. ఒక్క వాయిదా కట్టే పని లేదు.

సెకండ్ హ్యాండులో కొనేటప్పుడు మొహమాటం పనికిరాదు. మీ సొంత కార్డు పట్టుకెళ్ళండి. అంకె ఎఫ్ 16 దగ్గర పెట్టి తెల్లగోడ ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి. ఒకటి రెండు నల్లచుక్కలుంటే దుమ్ము, తుడిపించవచ్చు. లెన్సుని దీపం వేపు పెట్టి లోపలికి చూడండి. సాలెగూడు లాంటి చారలుంటే బూజు పట్టిందన్నమాట. ఎంత చవకైనా వద్దనండి. కారుకి తిరిగిన కిలోమీటర్లలాగే కెమెరాకి షట్టరు లెక్క ఉంటుంది. నైకాన్ అయితే తీసిన ఫొటోలోనే ఆ లెక్క దాగి ఉంటుంది, కంప్యూటరులో పిల్లలు చూసిపెడతారు. తొలి మెట్టు కెమెరాల షట్టరు లక్షసార్ల దాకా వస్తుందని అంచనా. ఇరవై ముప్ఫై వేలు తిరిగినది తీసుకోవచ్చు. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. బిల్లు అడగండి. అసలు బిల్లు లేని వస్తువు ఎవరిదో ఏమిటో!

కొన్నాక బట్టల బీరువాలో చీరల మధ్య దాచకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో వాళ్ళు మరీను. తేమ తగిలితే లెన్సుకి బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. ఊరగాయ జాడీకి తడి తగలకుండా చూసుకునే మనకి ఇది ఒకరు నేర్పాలా?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖర్ని చెపుతున్నాను. చవక కెమెరా అంటే తక్కువ ధరది కాదు, రోజూ చేతికెత్తుకునేది. యాభై వేలు పోసి, పాడవుతుందేమోనని దాచిపెడితే అంతకన్నా ఖరీదైన వస్తువు ఇంకోటి లేదు. హోమాయ్ వ్యారావాలా అని ఒక మహాతల్లి ఉండేవారు. 1913లో గుజరాత్‌లోని నవ్‌సారిలో పుట్టారు. మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఫొటోగ్రాఫరుగా పేరు పొందారు. మొదట్లో ఆవిడ తీసిన ఫొటోలు భర్తగారి పేరుతో అచ్చయ్యేవి. 2011లో పద్మవిభూషణ్ ఆవిడ పేరునే వచ్చింది. ఆవిడ చేతిలోని బరువైన కెమెరాలకి ‘ఆటో’ అనే మీట లేదు. పైగా నొక్కిన ప్రతిసారీ ఫిల్ముకి డబ్బు. మనకి ఆ బెంగ లేదు. వంద తీసి తొంభై చెరిపేసినా పైసా ఖర్చు కాదు.

అందుకని ఇవాళ్టినుంచీ ఒక నియమం పెట్టుకోండి. కెమెరా మీది చక్రం ‘ఆటో’ నుంచి తప్పించి, నైకాన్‌లో అయితే ‘ఏ’, కేనన్‌లో అయితే ‘ఏవీ’ దగ్గర పెట్టండి. వాకిట్లో ముగ్గునో, తులసికోటనో పొద్దున్నొకసారి, మధ్యాహ్నమొకసారి, దీపాలవేళ ఒకసారి తీయండి. అంకె మారిస్తే ఏం మారిందో చూడండి. నెల తిరిగేసరికి వెలుగు మీకు మచ్చికవుతుంది. ఆ తరవాత ఇంటి ఆల్బంలో ఫొటోలన్నీ మీరు తీసినవే ఉంటాయి. ఒకటి రెండిట్లో మిమ్మల్ని తీసే వంతు పిల్లలకివ్వడం మాత్రం మరిచిపోకండేం!

ఉంటాను. సెలవు.