మెట్టనేలకు నీడనిచ్చిన గృహస్థు: యోహాన్ కోర్నీసు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఊరికి మేలుచేసినవారిని స్మరించుట ఇట్టి ఉత్సవములలో పరిపాటి. నేటి ప్రసంగమునకు విషయమైన యోహాన్ కోర్నీసు దూరదేశస్థుడు. రాజు కాడు, మతబోధకుడు కాడు. మెన్నొనైటు అను క్రైస్తవ శాఖకు చెందిన రైతు, గృహస్థు. ఆ శాఖవారితో తెలుగునాటికి సంబంధము లేకపోలేదు. దక్షిణ రష్యాలోని మోలోచ్నా పల్లెలలో 1860లో మెన్నొనైటు సహోదర సంఘము ఏర్పడెను. ఆ సంఘమువారైన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు 1889లో భారతదేశమునకు వచ్చి, మరుసటి యేడు నల్లగొండలో సేవ ప్రారంభించిరి. ఆ మోలోచ్నా పల్లెలను తీర్చిదిద్దినవారిలో కోర్నీసు అగ్రగణ్యుడు.

పదునాఱవ శతాబ్దమున మెన్నో సైమన్సు బోధను అనుసరించినవారికి మెన్నొనైటులని పేరు. తెలిసి విశ్వసించినవారికే బాప్తిస్మమనియు, ఆయుధము పట్టరాదనియు, ఒట్టు పెట్టరాదనియు వారి నియమములు. సైన్యమున చేరుమను ఒత్తిడి లేని తావును వెదకుకొనుచు వారిలో అనేకులు రష్యా పాలకుల ఆహ్వానముపై అచటికి వలసపోయిరి.

కోర్నీసు 1789లో డాంజిగు పట్టణ సమీపమున జన్మించెను. 1804లో తలిదండ్రులతో రష్యా చేరెను. 1806లో ఆ కుటుంబము మోలోచ్నా ప్రాంతమున ఓర్లోఫ్ అను పల్లెలో నివాసమేర్పఱచుకొనెను. యువకుడైన కోర్నీసు కొంతకాలము పిండిమరలో కూలికి పనిచేసెను. పిదప పల్లె పంటలను క్రిమియా పట్టణములకు కొనిపోయి విక్రయించెను. 1811లో ఆగ్నెస్ క్లాసెన్‌ను వివాహమాడెను. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. కష్టార్జితముతో భూమిని కౌలుకు తీసికొని, మెరినో జాతి గొఱ్ఱెలను పెంచి ధనవంతుడయ్యెను. 1825లో అలెగ్జాండరు చక్రవర్తి ఆ పల్లె యింటిని దర్శించెను.

ధనికులు ఎచటనైనను కలరు. కోర్నీసు విశేషము వేఱు. ఆ ప్రాంతము చెట్టులేని గడ్డిమైదానము, వానలు చాలనిది. 1833లో ఘోరమైన అనావృష్టి సంభవించెను. పొలమును నాలుగు భాగములు చేసి, ఏటేట ఒక భాగమును దున్ని విత్తక విడిచి, నేలలో పదును నిలుపు పద్ధతిని ఆయన రైతులచే పట్టించెను. ప్రతి యింటివారిచే పండ్లచెట్లు, నీడచెట్లు, పట్టుపురుగులకై మల్బరీ చెట్లు నాటించెను. పొరుగున సంచార జీవులైన నొగాయి మహమ్మదీయులకు మేలుజాతి గొఱ్ఱెలను పాలికిచ్చి, స్థిరముగా ఊరు కట్టుకొనుటకు తోడ్పడెను. తమ మతము వారు కారని త్రోసివేయలేదు.

చదువు విషయమునను ఇదే పట్టుదల. 1820లో ఏర్పడిన పాఠశాలా సమాజమున ఆయన ముఖ్యుడు. ఆ సమాజము ఓర్లోఫున ఉన్నత పాఠశాలను నెలకొల్పెను. 1843లో మోలోచ్నా పల్లెబడులన్నియు ఆయన అజమాయిషీ క్రిందికి వచ్చెను. ఉపాధ్యాయులు కలిసికొని బోధనను చర్చించుకొను సమావేశములను ఆయన ఏర్పాటు చేయించెను.

ఇచట ఒక సత్యమును దాచరాదు. ఆయన చేయి మెత్తనిది కాదు. చెప్పినట్లు చేయనివారిని సర్కారు అధికారము అండతో శిక్షింపజేసెను. ప్రేమతోను, సంఘ క్రమశిక్షణతోను నడువవలసిన జనులను హుకుములతో నడుపుట ఏమి ధర్మమని సంఘపు పెద్దలు కొందఱు ప్రశ్నించిరి. ఆయనను ఎదిరించిన యాకోబు వార్కెంటిన్ అను పెద్దను 1842లో ప్రభుత్వము పదవినుండి తొలగించెను. కత్తిపట్టని జనుల నడుమ ఈ బలప్రయోగము మాయని గాయమయ్యెను.

1848 మార్చిలో కోర్నీసు మరణించెను. అల్లుడైన ఫిలిప్ వీబే ఆ బాధ్యతను చేకొనెను. తిట్టినవారి పెరళ్లలోను ఆ చెట్లు ఫలించినవి; ఎదిరించినవారి బిడ్డలును ఆ బడులలో చదివిరి. రెండవ ప్రపంచ యుద్ధమున, 1943లో, మెన్నొనైటులు ఆ పల్లెలను విడిచి చెదరిపోయిరి. ఓర్లోఫ్ నేడు ఉక్రెయిన్ దేశమునందున్నది.

ఆయన శ్రమ అనుకరణీయము. ఆయన కాఠిన్యము హెచ్చరిక. చెట్టును హుకుముతో నాటింపవచ్చును గాని, పుస్తకమును హుకుముతో చదివింపజాలరు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయమునకు పాఠకులు తమంతట తాము వచ్చుచున్నారు. కోర్నీసుకు దక్కని భాగ్యము ఈ ఊరికి దక్కినది. దానిని కాపాడుకొనుటయే ఈ ఉత్సవమునకు సార్థకత.