ఒక్కసారే పూచే పూవు
(మన సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర కొన్నాళ్లుండి వచ్చాను. అమెరికా విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. అక్కడి మేడల సంగతి మీ పిల్లలు ఫోటోల్లో చూపించే ఉంటారు. నేను జానెడు మొక్క గురించి మనవి చేస్తాను.

మాంటెరే ప్రాంతంలో పసిఫిక్ ఒడ్డున అసిలొమార్ ఇసుక తిన్నెలున్నాయి. అక్కడ 'మెన్జీస్ వాల్‌ఫ్లవర్' అనే మొక్క ఉంది. మన ఆవాల కుటుంబానిదే. ఆవపూవులాగే నాలుగు పసుపు రేకులు. 18వ శతాబ్దం చివర వాంకూవర్ నౌకాయాత్రలో ఆ తీరానికి వచ్చిన ఆర్చిబాల్డ్ మెన్జీస్ అనే వైద్యుడి పేరు దీనికి పెట్టారు. కాలిఫోర్నియా తీరంలో కొద్ది చోట్ల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు.

కొన్నేళ్లపాటు నేలను అంటిపెట్టుకొని ఆకులతోనే ఉంటుంది. తరువాత ఒకే ఒక్కసారి గుత్తులుగా పూసి, గింజలు ఇసుకకు అప్పగించి చనిపోతుంది.

దీనికి ఖాళీ ఇసుక కావాలి. ఇసుక కదలకూడదని మనుషులు ఐరోపా గడ్డిని, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఐస్ ప్లాంట్ అనే దళసరి ఆకుల మొక్కను ఆ తీరంలో నాటారు. ఉద్దేశం మంచిదే. కాని అవి దుప్పటిలా పరుచుకొని దీనికి చోటు లేకుండా చేశాయి. ఇళ్లు, ఇసుక తవ్వకాలు, వాహనాలు తోడయ్యాయి. 1992లో అమెరికా ప్రభుత్వం దీనిని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చింది. జన్మంతా ఫైళ్లతో గడిపిన నాకు, ఒక అడవి మొక్క పేరిట ఉత్తర్వు వెలువడిందంటే ముచ్చట వేసింది.

ఉత్తర్వు ఒక్కటే చాలదని మనకు తెలియనిదా? అమలు చేసే చేతులు కావాలి. అసిలొమార్‌లో ఐస్ ప్లాంట్ తొలగించి, స్థానిక మొక్కల నారు పెంచి నాటారు. తిన్నెలు తొక్కకుండా చెక్క బాట వేశారు. ఉత్తరాన లాన్‌ఫియర్ తిన్నెల్లో ఆ గడ్డిని చేతులతోనే పీకారు.

మనకూ భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. ఒడ్డున బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు ఉన్నాయి. ఈ కార్తీక వనసమారాధనకు మనవలను వెంటబెట్టుకొని అటు వెళదామని ప్రతిపాదిస్తున్నాను. దిబ్బలెక్కి తొక్కవద్దు, చెత్త వదలవద్దు. మొక్కల పేర్లు పిల్లలకు మనమే చెబుదాం. మన తరువాత చెప్పేవారు ఉండాలంటే ఇప్పుడే అప్పగించాలి.