అమ్మకి వచ్చింది కాబట్టి నాకూ వస్తుందా?

ఈ రోజు ఒక అమ్మాయి పంపిన మెసేజ్‌తో మొదలుపెడదాం. వయసు 34. వాళ్ళమ్మగారికి 45 ఏళ్ళప్పుడు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఇప్పుడు ఈ అమ్మాయికి స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. రెండు నెలలైంది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "చూపించుకుంటే అదే అంటారేమోనని భయం" అని రాసింది.

అమ్మా, ముందు ఒక మాట. రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. మీ వయసులో ఫైబ్రోఎడినోమా అనే మామూలు గడ్డలు చాలామందికి వస్తాయి. కానీ చేత్తో తడిమి ఇది ఫలానా అని మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. నెలసరి ముందు రెండు వైపులా వచ్చే సలుపు మాత్రం సాధారణంగా హార్మోన్ల వల్లే.

గడ్డ ఒక్కటే కాదు. చర్మం సొట్టపడటం, నారింజ తొక్కలా గరుకుగా మారడం, చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోవడం, రక్తం కలిసిన స్రావం, చంకలో గడ్డ... వీటిలో ఏది కనిపించినా డాక్టర్‌కి చూపించాలి.

ఇక వంశం సంగతి. రొమ్ము క్యాన్సర్లలో నేరుగా వారసత్వపు జన్యులోపం వల్ల వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతమే. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనేవి అందులో ముఖ్యమైనవి. తల్లికి ఆ లోపం ఉన్నా బిడ్డకి వచ్చే అవకాశం సగమే. ఇంకో సంగతి, చాలామంది నాన్నవైపు లెక్కే వేయరు. మేనత్తకో, నాయనమ్మకో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే అదీ చెప్పాలి. ఆ జన్యువు నాన్న నుంచి కూడా వస్తుంది. జన్యు పరీక్ష అవసరమైతే, వీలున్నంతవరకు జబ్బు వచ్చిన మనిషికే ముందు చేస్తారు. మీ ఇంట్లో అయితే అమ్మగారికి.

ఇప్పుడు చేయాల్సింది ఏంటంటే, ఈ వారంలోనే సర్జన్‌ని కలవండి. చేత్తో పరీక్ష, స్కానింగ్, అవసరమైతే సూది పరీక్ష చేస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని భయపెట్టేవాళ్ళ మాట నమ్మకండి. గడ్డ మామూలుదే అని తేలినా అక్కడితో వదిలేయొద్దు. అమ్మగారికి వచ్చిన వయసు కంటే పదేళ్ళ ముందు నుంచే, అంటే మీకు 35 నుంచి, ఏటా పరీక్షల గురించి డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి.

ఒంటరిగా వెళ్ళకండమ్మా. అమ్మగారికి చెప్పండి, ఆవిడని వెంట తీసుకెళ్ళండి. ఈ దారి ఆవిడకి తెలుసు.