యంత్రం చేతిలోని తాళంచెవి



ఏటా ఈ వేదిక మీద మేము పిల్లల మార్కుల గురించీ ఫీజుల గురించీ మాట్లాడుతుంటాం. ఈసారి కంప్యూటరు తాళంచెవుల గురించి చెప్పమని కార్యవర్గం వారు కోరారు. బడిపంతుళ్ళకు ఈ గొడవ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకునేదీ సరిచూసేదీ మేమే. ఆ కాగితాలు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నాయో, వాటిని ఎవరు తెరవగలరో తెలుసుకోవడం కూడా మా పనే అనుకున్నాం. మన సాయంతో చదువుకుని ఇవాళ హైదరాబాదులో, బెంగుళూరులో ఈ కొలువులే చేస్తున్న పిల్లలు ఓపిగ్గా కూర్చుని మాకు పాఠం చెప్పారు. ఈ వయసులో శిష్యుల దగ్గర శిష్యులం కావడం కూడా బాగానే ఉంది.

ముందు క్లౌడ్ అనే మాట చూద్దాం. పేరులో మబ్బు ఉన్నా అది ఆకాశంలో లేదు. పెద్ద పెద్ద కంపెనీలు కట్టిన భవనాల్లో, చల్లటి గదుల్లో వరుసగా పేర్చిన కంప్యూటర్లు అవి. అమెజాన్ కంపెనీ 2022 నవంబరులో మన హైదరాబాదు ప్రాంతంలోనే అలాంటి కేంద్రాలు తెరిచింది. అద్దె గోదాము అనుకోండి. గోడలకూ కరెంటుకూ కాపలాకూ గోదాము యజమాని బాధ్యుడు. లోపల మన గది తాళం ఎవరెవరికి ఇచ్చామన్నది మన బాధ్యత. సరుకు పోయినప్పుడు ఎక్కువసార్లు తేలేది ఏమిటంటే, గోడకు కన్నం పడలేదు, తాళంచెవి ఎవరికో దొరికింది.

మనిషికైతే ఖాతా ఉంటుంది, పాస్‌వర్డు ఉంటుంది, ఫోనుకు ఓటీపీ వస్తుంది. కానీ ఈ రోజుల్లో సగం పని మనుషులు చేయడం లేదు. దరఖాస్తు ఫారం అందుకుని దాచేది ఒక ప్రోగ్రాము. దాతలకు రసీదు పంపేది మరొకటి. అర్ధరాత్రి లేచి మొత్తానికి నకలు తీసేది ఇంకొకటి. వీటికి ఫోను లేదు, ఓటీపీ రాదు. అందుకని వీటి పేరున విడిగా ఖాతాలు తెరుస్తారు. వాటినే సర్వీస్ అకౌంట్లు అంటారు. గూగుల్ వారి క్లౌడ్‌లో ఇలాంటి ఖాతాకు ఈమెయిలు అడ్రసు లాంటి పేరు కూడా ఉంటుంది, కాకపోతే ఆ ఉత్తరాలు చదివేవాడు ఎవడూ ఉండడు. పాస్‌వర్డు బదులు ఒక చిన్న ఫైలు ఇస్తారు, అదే తాళంచెవి. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే ఆ ప్రోగ్రాము అని కంప్యూటరు నమ్ముతుంది. ముఖం చూడదు, ఊరు అడగదు. అలా తీసుకున్న తాళంచెవికి మామూలుగా గడువు కూడా ఉండదు. మనమే పనిగట్టుకుని రద్దు చేయాలి.

ఇక అసలు జబ్బు. ప్రోగ్రాము రాసే కుర్రాడు దాన్ని మొదటిసారి నడిపిస్తాడు. అనుమతి లేదని తెరమీద ఎర్రక్షరాలు వస్తాయి. ఒక అనుమతి ఇస్తే ఇంకొకటి కావాలంటుంది. రేపు ప్రారంభోత్సవం, అతిథులు వస్తున్నారు. విసుగెత్తి ఎడిటర్ అనే పెద్ద హోదా ఒకటి ఇచ్చేస్తాడు. వెంటనే పని నడుస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఆ ఎడిటర్ హోదాకు అర్థం ఏమిటంటే, ఆ ప్రాజెక్టులో దాదాపు ప్రతిదీ చూడవచ్చు, మార్చవచ్చు, చెరిపేయవచ్చు. రసీదు రాసే గుమాస్తాకు తాళాల గుత్తి మొత్తం ఇచ్చినట్టు. పని నడుస్తోంది కదా, మళ్ళీ ఆ వైపు ఎవరు చూస్తారు? గూగుల్ వారి దగ్గర చాలాకాలం కొన్ని ఖాతాలకు ఈ హోదా అడగకుండానే దక్కేది. 2024 మే తర్వాత కొత్తగా చేరే సంస్థలకు ఆ అలవాటు ఆపేశారు. పాతవాళ్ళు తమంతట తామే వెళ్ళి తీసేసుకోవాలి.

పనికి ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వాలన్నది కొత్త మాట కాదు. 1975లోనే సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ల భద్రతకు దీన్ని ఒక సూత్రంగా రాసిపెట్టారు. తెలియక కాదు, బద్ధకం వల్లనే చెడుతోంది.

పెద్ద ఉదాహరణ ఒకటి చెబుతాం. అమెరికాలో కాపిటల్ వన్ అనే బ్యాంకు ఉంది. క్రెడిట్ కార్డుల దరఖాస్తులను అమెజాన్ క్లౌడ్‌లో దాచుకుంది. వాకిట్లో కావలిగా ఒక రక్షణ ప్రోగ్రామును పెట్టింది. వచ్చే పోయే విన్నపాలను పరీక్షించి చెడ్డవాటిని ఆపడమే దాని పని. 2019 మార్చిలో ఒక ఇంజనీరు, గతంలో అమెజాన్‌లోనే పనిచేసిన మనిషి, ఆ కావలి ప్రోగ్రాము అమరికలో లోపం పట్టుకుంది. దాని చేతనే దాని సొంత తాళంచెవి అడిగించి తీసుకుంది. ఇక్కడిదాకా అయితే అది చిన్న దొంగతనమే. కావలివాడి దగ్గర ఉండాల్సింది గేటు తాళం ఒక్కటే కదా? ఈ కావలివాడికి మాత్రం లోపలి అరలన్నీ చూసే అధికారం ఉంది. 700కు పైగా అరల పేర్లు ఆ తాళానికి కనిపించాయి. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు బయటికి వెళ్ళాయి. అందులో లక్షా నలభై వేల దాకా సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉన్నాయి. మనకు ఆధార్ ఎలాగో వాళ్ళకు అవి అలాగ.

బ్యాంకుకు ఈ సంగతి ఎప్పుడు తెలిసిందో చూడండి. జూలైలో, అదీ బయటివాడెవరో చూసి ఈమెయిలు రాస్తే. సుమారు నాలుగు నెలలు ఇంట్లోవాళ్ళకు తెలియలేదు. మరుసటి ఏడాది ప్రభుత్వ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఖాతాదారుల దావా 19 కోట్ల డాలర్లకు రాజీ అయింది.

ఉబర్ కంపెనీ కథ ఇంకో రకం. 2016లో వాళ్ళ ఇంజనీర్లు ప్రోగ్రాములు దాచుకునే చోట, ప్రోగ్రాము అక్షరాల మధ్యనే తాళంచెవి కూడా రాసి ఉంది. అక్కడికి చొరబడ్డవాళ్ళు అది తీసుకుని 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు పట్టుకుపోయారు. కంపెనీ వాళ్ళకు లక్ష డాలర్లిచ్చి నోరు మూయించి, ఏడాదిపాటు లోకానికి చెప్పలేదు. తర్వాత 2018లో అమెరికా రాష్ట్రాలకు 14 కోట్ల 80 లక్షల డాలర్లు కట్టుకుంది. ఇంటి తాళం తలుపు పక్కన మేకుకు తగిలించి వెళ్ళడం మనమూ చూస్తుంటాం. అది అలాంటిదే.

ఈ మాటలు చెబితే ఒక దాతగారు నవ్వి, "మాస్టారూ, వాళ్ళు కోటీశ్వరులు, మన దగ్గర దొంగకు ఏం దొరుకుతుంది?" అన్నారు. దొరికేది చెబుతాం. ఒక దరఖాస్తులో పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నకలు, తల్లి బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, ఆదాయ ధ్రువపత్రం ఉంటాయి. తండ్రి లేడన్న సంగతి ఉంటుంది. ఈ కాగితం చేతిలో ఉన్న మోసగాడు ఆ తల్లికి ఫోను చేసి, కూతురి పేరు, బడి పేరు చెప్పి, స్కాలర్‌షిప్ మంజూరైంది, ఓటీపీ చెప్పమ్మా అంటే ఎందుకు నమ్మదు?

డబ్బు ఒక్కటే కాదు. మన వాళ్ళలో చేయి చాపడానికి సిగ్గుపడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దర్జీ పని చేసుకుంటూ, పండక్కి పిల్లలకు కొత్త బట్టలు కుట్టి, తమకు సాయం అందుతోందని పక్కింటివాళ్ళకు తెలియనివ్వని ఇళ్ళు అవి. అందుకే జకాత్ చాటుగా ఇస్తాం. ఆ జాబితా ఒక రాత్రి వాట్సాప్‌లో ఊరంతా తిరిగితే, మళ్ళీ ఏడాది ఆ తల్లి మన గడప తొక్కుతుందా? పిల్ల చదువు ఆగుతుంది. ఏ జరిమానాకైనా లెక్క ఉంటుంది, దీనికి లేదు. చట్టం కూడా వచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, తగిన జాగ్రత్తలు తీసుకోనివారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసి ఉంది. చిన్నా పెద్దా అన్నది తర్వాత, బాధ్యత అందరిదీ.

ఇప్పుడు మేము ఏం చేయించామో చెబుతాం. ఒక్కో పనికి ఒక్కో ఖాతా. దరఖాస్తు అందుకునే ప్రోగ్రాముకు వేయడం మాత్రమే తెలుసు, తీయడం తెలియదు. గూగుల్ వారి దగ్గర అచ్చంగా అలాంటి హోదా ఒకటుంది. ఫైలు లోపల పెట్టగలదు, ఉన్నదాన్ని చదవలేదు, చెరపలేదు. మన మసీదు దగ్గరి చందా డబ్బా లాంటిది, పైన సందు ఉంటుంది, నోటు వేయవచ్చు, చెయ్యి పట్టదు. ఆ ప్రోగ్రామును ఎవరైనా లొంగదీసుకున్నా చేతికొచ్చేది ఖాళీయే. రసీదుల ప్రోగ్రాముకు దాతల పద్దు కనిపిస్తుంది, పిల్లల దరఖాస్తులు కనిపించవు. నకలు తీసే ప్రోగ్రాము వేరే ప్రాజెక్టులో నకలు పెడుతుంది, అక్కడ చెరిపే అధికారం దానికి లేదు. 2014లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ అసలునూ నకళ్ళనూ ఒకే ఖాతా కింద ఉంచుకుంది. చొరబడ్డవాడు రెండింటినీ చెరిపేస్తే కొద్ది గంటల్లో వ్యాపారమే మూతపడింది.

తాళంచెవి ఫైళ్ళను వీలైనంతవరకు అసలు పుట్టించవద్దన్నారు మా కుర్రాళ్ళు. ప్రోగ్రాము ఆ క్లౌడ్ లోపలే నడుస్తుంటే ఫైలు అక్కర్లేదట. గంటసేపు చెల్లే టోకెన్ దానంతట అదే వస్తుంది, గంట దాటితే చిత్తుకాగితం. అది విని మేము నిశ్చింత పడబోతే, కాపిటల్ వన్‌లో పోయింది కూడా అలాంటి తాత్కాలిక తాళమేనని గుర్తు చేశారు. గడువు తక్కువైనా అధికారం ఎక్కువైతే ఆ గంట చాలు.

అన్నింటికంటే మాకు అర్థం కావడానికి సమయం పట్టింది ఒకటుంది. యంత్రం ఖాతాకు ఏం అధికారం ఉందో చూస్తే చాలదు. ఆ ఖాతా వేషం వేసుకునే అధికారం ఏ మనుషులకు ఉందో కూడా చూడాలి. కొత్తగా చేరిన వాలంటీరుకు చూడటానికి చిన్న హోదాయే ఉంటుంది. కానీ పెద్ద ఖాతా పేరు మీద పని చేసే అనుమతి ఒకటి పక్కన తగిలి ఉంటే, పేరుకే చిన్నవాడు. మేనేజరు సంతకం పెట్టే హక్కున్న అటెండరును ఎవరైనా అటెండరు అంటారా? జాబితా చదివేటప్పుడు కన్ను దాటిపోయేది ఇదే.

తీసేయడంలోనూ పద్ధతి ఉంది. తొంభై రోజులుగా వాడని అనుమతులేవో గూగుల్ వారే లెక్కగట్టి చూపిస్తారు. అక్కరలేని ఖాతాను వెంటనే చెరపకుండా ముందు నిలిపివేయాలి. కొన్నాళ్ళు చూడాలి. ఏడాదికొకసారి నడిచే పని ఏదైనా దాని మీద ఆధారపడి ఉంటే అప్పుడు బయటపడుతుంది. పొరపాటున చెరిపినా ముప్ఫై రోజుల లోపు తిరిగి తెప్పించుకోవచ్చు. అనుమతులు ఎవరు ఎప్పుడు మార్చారన్న పద్దు 400 రోజులు ఉంటుంది. దాన్ని ఎవరూ ఆపలేరు. పిల్లల ఫైళ్ళను ఎవరు తెరిచి చదివారన్న పద్దు మాత్రం మనం అడిగి పెట్టించుకోవాలి. పెట్టించాం. దానికి కొంత ఖర్చవుతుంది.

ఖర్చు అన్నాం కనుక దాతలతో ఒక మాట. మీరు గదులు కట్టించారు, కంప్యూటర్లు కొనిచ్చారు, యాప్ తయారీకి డబ్బిచ్చారు. గోడ మీద మీ పేర్లున్నాయి, ఉండాలి కూడా. కానీ ఏటా నాలుగుసార్లు కూర్చుని, ఎన్ని తాళాలున్నాయి, ఏది ఎవరి పూచీ మీద ఉందని లెక్కపెట్టే పనికి శిలాఫలకం ఉండదు. అందుకే దానికి చందా రాదు. ఇప్పటిదాకా మన పిల్లలు ఉచితంగా చేస్తున్నారు. వాళ్ళకు ఉద్యోగాలున్నాయి, ఊళ్ళు మారతారు, పెళ్ళిళ్ళవుతాయి. వాళ్ళలో ఒకరు దుబాయికో డాలస్‌కో వెళ్ళినప్పుడు ఆ అనుమతులు తీసేసే మనిషి ఎవరు? ఈ ఏడాది బడ్జెటులో దీనికి విడిగా ఒక పద్దు పెట్టాలని మేము కార్యవర్గానికి రాసిచ్చాం. రెండు గదుల సున్నం ఖర్చు కంటే ఎక్కువేమీ కాదు.

ఖాతాల పుస్తకం ఒకటి తయారు చేశాం. కంప్యూటరులో కాదు, కాగితం మీదే. ఒక్కో ఖాతాకు ఒక్కో పేజీ. అది ఏ పని చేస్తుంది, ఏం చూడగలదు, దానికి పూచీ పడిన మనిషి ఎవరు, మళ్ళీ ఎప్పుడు సరిచూడాలి అన్నవి తెలుగులో రాసి ఉంటాయి. ప్రస్తుతానికి తొమ్మిది పేజీలు నిండాయి. రెండు పేజీల్లో పూచీదారు పేరు దగ్గర ఇంకా ఖాళీ ఉంది. ఆదివారం ఉదయం పదింటి నుంచి పన్నెండింటి దాకా సంఘం కార్యాలయంలో మాలో ఎవరో ఒకరు ఉంటాం. దాతలు ఎవరైనా వచ్చి చూడవచ్చు, అడగవచ్చు. ఆ ఖాళీల్లో తమ ఇంటి కుర్రాడి పేరో అమ్మాయి పేరో రాయిస్తామంటే, పెన్ను మా దగ్గరే ఉంటుంది.